ముల్లు పచ్చలో ఆగింది

2021 నవంబరు 18, గురువారం. సాయంత్రం ఆరు దాటింది.

తమిళనాడులోని కే.వి.కుప్పంలో వాన తెరిపివ్వడం లేదు. పెంకుల సందులోంచి చుక్క. చుక్క కింద సత్తు గిన్నె. టక్. టక్. వసారాలో కట్టేసిన ఆవు ఒళ్లు విదిలిస్తే గోడంతా తుంపర. ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన. లోపలి గదిలో నులకమంచం మీద, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది ఇరవై ఏళ్ల అమ్మాయి. తెర మీద గుండ్రటి మీటరు, బైకు స్పీడోమీటరు లాంటిది. ముల్లు కుడివైపు చివరి దాకా పాకి ఆగిపోయింది. 11.50. చుట్టూ పచ్చ రంగు. కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. లక్ష్యం పూర్తయిందట.

ఆమె వేలు మీట మీదే ఆగిపోయింది.

ఆ 11.50 అమ్మకాల లెక్క కాదు. మీటర్లు. గుడియాత్తం పైన, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న మోర్ధానా డ్యాము నీటిమట్టం. అంతకుమించి అది పట్టదు. ఆ పైన పడే ప్రతి చుక్కా గట్టు పొర్లి కిందికి రావలసిందే. కింద గుడియాత్తం. ఆ కింద పాలారు. పాలారు గట్టున తమ కొబ్బరితోట. డ్యాము నిండి పొర్లుతుంటే తెర శభాష్ అంటోంది.

ఆ మెచ్చుకోలు దానికి నేర్పిందెవరో ఆమెకు తెలుసు.

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఇంటి నుంచే ఇంటర్న్‌షిప్. ఆన్‌లైన్‌లో చీరలు కొనే ఆడవాళ్లంతా ఒకచోట చేరి కబుర్లు చెప్పుకునే వేదిక ఒకటుంది. ఈ రోజు కొత్తగా ఎంతమంది చేరారు, ఎంతమంది మాట కలిపారు, ఎవరు నెల రోజులుగా పలకడం లేదు, ఇవన్నీ ఒక్క తెర మీద కనపడేలా డ్యాష్‌బోర్డు సర్దడం ఆమె పని. సున్నా నుంచి కట్టక్కర్లేదు. గూగుల్ డేటా స్టూడియోలో రెడీమేడ్ అచ్చులు దొరుకుతాయి. వెనకాల ఒక షీటు తగిలిస్తే చాలు, మీటర్లు వాటంతటవే తిరుగుతాయి. రెడీమేడ్ చొక్కా లాంటిదే. చేతులు పొడుగైతే మడవాలి, బొత్తాం బిగిస్తే జరపాలి. మూడు నెలల్లో ఆ మడతలు, ఆ జరపడాలు ఆమెకు బాగా పట్టుబడ్డాయి. వానలు ముదిరినప్పుడు అదే అచ్చును కాపీ తీసింది. సభ్యుల లెక్క ఉన్నచోట వాన మిల్లీమీటర్లు పెట్టింది. అమ్మకాల లక్ష్యం ఉన్నచోట మోర్ధానా. లింకు తీసుకెళ్లి బంధువుల వాట్సాప్ గ్రూపులో పడేసింది.

రంగులు మార్చడం మరిచిపోయింది.

గ్రూపులో వందమందికి పైనే. పుంగనూరు, పలమనేరు, వి.కోట వైపు సగం. గుడియాత్తం, కే.వి.కుప్పం, లత్తేరి, కాట్పాడి వైపు సగం. మామూలు రోజుల్లో పెళ్లి కార్డులు, గుడ్ మార్నింగ్ పువ్వులు. ఆ సాయంత్రం మాత్రం తిరుపతి వీడియోలు. అలిపిరి మెట్ల మీద జలపాతంలా దూకుతున్న నీళ్లు. మూసేసిన ఘాట్ రోడ్లు. వీధుల్లో తేలుతున్న కార్లు. చూసినవాళ్లంతా చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. తమ ఊళ్ల గురించి ఎవరూ ఏమీ అడగడం లేదు.

(ఆ ఇంటికి ఇక్కడ పేరు లేదు. ఆ రాత్రి కౌండిన్య ఏటి గట్టునా పాలారు గట్టునా మేలుకుని కూర్చున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిని కలిపి ఒక్క ఇంటిగా చెప్పుకుంటున్నాం. వాన, ఏళ్లు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

ఆమె ముందు రంగు తిప్పింది. నిండితే పచ్చ అన్నచోట ఎరుపు పెట్టింది. ముల్లు కదల్లేదు, చుట్టూ ఉన్న వలయం మాత్రం నెత్తుటి రంగుకు మారింది. గది గోడ మీద కూడా ఆ ఎరుపు పడింది. తలుపు దగ్గర ఎవరో ఆగారు.

"ఏంది పాపా, ఎర్రగా మండతా ఉండాది?"

నాన్న. తల మీద యూరియా సంచి. చేతిలో టార్చి. మోకాలి దాకా బురద.

"మోర్ధానా నిండింది నాయినా."

"అది నిండి శానా దినాలాయ. పొర్లతానే ఉండాది. దానికెందుకిప్పుడు?"

ఆమె దగ్గర జవాబు లేదు. నిండిందని తెర చెబుతోంది. పైనుంచి ఇంకెంత వస్తోందో చెప్పడం లేదు. పై ఊళ్ల లెక్క ఉండాల్సిన చోట ఖాళీగా తెల్లటి గడి. ఆ ఖాళీ కేసి చూస్తుండగానే నాన్న ఫోను గుర్రుమంది.

పలమనేరు నుంచి చిన్నాయన. పొడుగాటి సందేశం. మొత్తం తెలుగు లిపిలో.

ఆమె ఫోను తీసుకుంది. చూసింది. గుండ్రటి అక్షరాలు, వంకీలు, తలకట్లు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

పుట్టినప్పటి నుంచీ ఆమె మాట్లాడింది తెలుగే. కల గన్నా, తిట్టినా తెలుగే. చదవడం మాత్రం రాదు. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లల నుంచి మొదలు. ఆమె ఆ మొదటి జట్టు పిల్ల. నాన్న అలా కాదు. ఊరి తెలుగు బడిలో పలక పట్టినవాడు. పెద్దబాలశిక్ష ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. ఆయనకు గ్రాఫు చూస్తే తల తిరుగుతుంది. ఈమెకు ఒత్తులు చూస్తే తల తిరుగుతుంది. ఆ ఇంట్లో ఒక వార్త పూర్తిగా తెలియాలంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి.

"చదువు నాయినా. బిన్నా."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పంచె తడిగా ఉంది, అద్దాలు ఇంకా మసకబారాయి. మళ్లీ తుడిచాడు.

"అన్నా... ఇంటి ముందర వాగు రోడ్డెక్కింది. మోరీ కనపడలా. ఆవుల్ని గట్టుకు తోలినా. డబ్బా లెక్క పొద్దన్నించి పాప షీటులో ఏస్తానే ఉండా..." ఆయన ఆగాడు. కళ్లద్దాల పైనుంచి కూతుర్ని చూశాడు. "నీ షీటులో ఏసినాడంట. చూళ్లేదా నువ్వు?"

ఆమె షీటు తెరిచింది. గుండె ఝల్లుమంది.

వరుసలు అక్కడే ఉన్నాయి. పలమనేరు. గంగవరం. బైరెడ్డిపల్లె. పొద్దున్నించీ పెద్దలూ పిల్లలూ గంటగంటకూ కొలిచి వేస్తున్నారు. కొలతపాత్ర పాలపొడి డబ్బా. నిలువు గోడలున్న ఏ డబ్బా అయినా సరే ఆరుబయట పెట్టి, పడిన నీళ్లలో స్కూలు స్కేలు ముంచితే వచ్చే మిల్లీమీటరే వాన మిల్లీమీటరు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు నీళ్లు. గ్రూపుకు ఈ కిటుకు నేర్పింది ఆమే. వాళ్లు మరిచిపోకుండా చేస్తున్నారు. షీటు నిండుతోంది. తెర మాత్రం వాటిని మింగేస్తోంది.

ఎక్కడ? పది నిమిషాలు వెతికింది. దొరికింది. తెర పైన మూలలో, బియ్యపుగింజంత గడి. రాష్ట్రం: తమిళనాడు. చీరల కంపెనీ ఈ రాష్ట్రంలోనే అమ్ముతుంది కాబట్టి అచ్చులో ఆ జల్లెడ ముందే బిగించి ఉంది. సరిహద్దు అవతలి ప్రతి అంకెనూ అది పద్ధతిగా ఏరి పక్కన పారేసింది.

కౌండిన్యకు ఆ సంగతి తెలీదు. అది చిత్తూరు జిల్లా కొండల్లో పుట్టి, పలమనేరు అడవుల్లోంచి, ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం లోంచి దిగి, మోర్ధానా దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి, గుడియాత్తం ఊరిని రెండుగా కోసుకుంటూ వెళ్లి పాలారులో పడుతుంది. పాలారూ అంతే. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి అక్కడ 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33, తమిళనాడులో 222. ఆంధ్ర వైపు కట్టిన చెక్‌డ్యాముల మీద రెండు రాష్ట్రాల తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడివాళ్లకు పాలారంటే ఇసుక. క్రికెట్ ఆడుకునే మైదానం. లారీలు దిగే దోవ. అది నిజంగా నది అన్న సంగతి మనుషులు మరిచిపోయేంత ఎండ.

ఆమె ఆ బియ్యపుగింజ మీద నొక్కింది. జల్లెడ తీసేసింది.

తెర ఒక్క క్షణం తెల్లబడింది. తర్వాత కమ్మీలు లేచాయి. ఒకటి. ఇంకొకటి. కే.వి.కుప్పం కమ్మీ పొట్టిగా అడుగున ఉండిపోయింది. పక్కన పై ఊళ్ల కమ్మీలు తాటిచెట్లలా లేచి గడి దాటిపోయాయి.

నాన్నకు గ్రాఫులు తెలీవు. పొట్టిదేదో పొడుగేదో తెలుసు.

"ఈ పొడుగుది యాడిది?"

"చిన్నాయనోళ్లది."

ఆయన లేచి నిలబడ్డాడు. "మీ అత్త ఏటి గట్టునే గదమ్మే ఉండేది!"

గుడియాత్తంలో కౌండిన్య గట్టు వెంట ఇళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఏట్లోకి దిగి ఉంటాయి. వైశాఖంలో గంగమ్మ శిరసు జాతరకు లక్షల జనం తొక్కే గట్టది. అత్త ఇల్లు అక్కడే. రెండు గదులు, రేకుల వంటిల్లు, లుంగీలు కుట్టే మిషను. ఫోను మోగింది. మోగింది. ఎత్తింది.

"అకా, ఏరెట్లుండాది?"

"యాడిదిరా ఏరు. పొర్లతా ఉండాది, రోజూ మాదిరే. దీపాలకి ఒత్తులు చేసుకుంటా ఉండా."

మర్నాడు కార్తీక దీపం.

"బయలెల్లి ఈడికి రా."

"ఈ వానలోనా? నీకేమన్నా మతి పోయిందా? మెట్టు దాకా గూడా రాలా నీల్లు. పెట్టేసేయ్."

పెట్టేసింది.

రాత్రి తొమ్మిది. బంగాళాఖాతంలో వాయుగుండం. మధ్యాహ్నం నుంచీ టీవీలో అదే మాట. ఆమె విండీ తెరిచింది. చెక్ దేశస్థుడు ఈవో లుకాచోవిచ్ 2014లో మొదలుపెట్టిన గాలి పటమది. విమానం నడపడం, గాలిపటం కట్టుకుని అలల మీద జారడం ఆయన సరదాలు. ఆ సరదా మనుషులకు గాలి వాలు చూపించడానికి పుట్టిన తెర, ఏడేళ్లు తిరిగేసరికి కొబ్బరితోట రైతు ఇంట్లో వెలుగుతోంది. ఎవరికో కుట్టిన చొక్కా ఇంకెవరికో సరిపోవడమంటే ఇదే. రంగులు గిర్రున సుడి తిరుగుతున్నాయి. సుడి కన్ను చెన్నైకి కింద. తోక తిరుపతి మీద. యూరప్ మోడలు ఒకటి చెబుతోంది, అమెరికా మోడలు ఇంకొకటి. వాన ఎక్కువని రెండూ అంటున్నాయి. ఎక్కడ అన్న దగ్గర రెండూ విడిపోతున్నాయి.

ఇలాంటి తెరల్ని నమిలి జనం భాషలో పెట్టేవాళ్లు అప్పటికే ఇద్దరు పేరుమోశారు. 2015 చెన్నై వరదలప్పుడు తమిళనాడు వెదర్‌మ్యాన్ ప్రదీప్ జాన్ రాతల కోసం ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంది. తెలుగు వైపు తిరుపతి కుర్రాడు సాయి ప్రణీత్, వృత్తికి సాఫ్ట్‌వేరు, జనానికి ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్. రకరకాల చోట్ల నుంచి వాతావరణ సమాచారం తెచ్చుకుని, విశ్లేషించి, రైతులకు తెలుగులో చెబుతున్నాడని 2021 జులై 25న మన్ కీ బాత్‌లో ప్రధాని ప్రస్తావించారు. ప్రదీప్ జాన్ రాతలు ఈ అమ్మాయికి అందుతాయి. ప్రణీత్ తెలుగు రాతలు నాన్నకు అందుతాయి. గుడియాత్తంలో ఒత్తులు చేసుకుంటున్న అత్తకు రెండూ అందవు. ఆమె తెలుగు మాట్లాడుతుంది, తమిళం కూడబలుక్కుంటుంది, ఫోనులో పచ్చగా మెరిసే బొత్తాం ఒక్కటి గుర్తుపడుతుంది.

పదకొండింటికి కరెంటు పోయింది.

చీకటి. గిన్నెలో చుక్క చప్పుడు పెద్దదైంది. ల్యాప్‌టాప్ వెలుగు ఒక్కటే. బ్యాటరీ 41 శాతం. ఫోను కెమెరా లైటు కింద అమ్మ ఆవుకు గడ్డి వేస్తోంది. ఆవు తినడం లేదు, చెవులు నిక్కబొడుచుకుని పాలారు వైపు చూస్తోంది. ఆమె ప్రతి పదిహేను నిమిషాలకూ తెర తాజా చేస్తోంది. పై ఊళ్ల కమ్మీలు ఎదుగుతూనే ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద లారీల చప్పుడు కూడా లేదు. పన్నెండు కొట్టింది.

కమ్మీలన్నీ కూలిపోయాయి.

సున్నా. సున్నా. సున్నా. పలమనేరు సున్నా. గంగవరం సున్నా. తెర మీద వాన లేదు. కప్పు మీద మాత్రం గులకరాళ్లు గుమ్మరించినట్టు మోత.

"నిలిచిపోయిందా?" నాన్న గొంతులో ఆశ.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏమైందో రెండు నిమిషాలకు వెలిగింది. అచ్చులో 'నేడు' అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. తేదీ మారగానే కొత్త పలక. చీరల బేరానికి అది సరిపోతుంది. వానకు సరిపోదు. వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు పొద్దున ఎనిమిదిన్నరకు మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ. 115.6 నుంచి అతి భారీ. 204.4 దాటితే అత్యంత భారీ. ఆ గీతలన్నీ ఆ ఎనిమిదిన్నర రోజుకే. తన తెర గడియారం ఆ లెక్క ఎరగదు. ఏటికి గడియారమే లేదు. గురువారం పడిన నీళ్లు శుక్రవారం వచ్చి తలుపు కొడతాయి.

బ్యాటరీ 29.

వేళ్లు వణుకుతున్నాయి. చలికో దేనికో. 'నేడు' తీసేసింది. ఆ స్థానంలో గడిచిన ఇరవై నాలుగు గంటలు, పక్కన గడిచిన ఆరు గంటలు పెట్టింది. అచ్చులో ఆరు గంటలనే ఎంపిక లేదు, షీటులోనే కొత్త వరుస గీసి కూడిక రాయాల్సి వచ్చింది, ఒక కామా తప్పు పడి తెరంతా బూడిదరంగుకు తిరిగింది, మళ్లీ రాసింది, మళ్లీ బూడిద, మూడోసారి గుడ్లప్పగించి చూస్తే కామా బదులు చుక్క పెట్టినట్టు తేలింది, దిద్దింది, ఊపిరి బిగబట్టి నొక్కింది.

కమ్మీలు మళ్లీ లేచాయి. ఆరు గంటల కమ్మీ ఇరవై నాలుగు గంటల కమ్మీ భుజం దాకా వచ్చింది.

అంటే మొత్తం వానలో చాలా భాగం రాత్రి చీకటి పడ్డాకే పడింది. ఇంకా దిగలేదు. దోవలో ఉంది.

"నాయినా, అత్తకి నేను చెప్తే వినదు. నువ్వు చెప్పు. ఫోను వద్దు, పెట్టేస్తుంది. వాయిస్ పెట్టు. గ్రూపులో పెట్టు, అందురూ వినేట్టు."

"ఏం జెప్పేది?"

ఆమె తెర ఆయన వైపు తిప్పింది. వేలుతో పొడుగు కమ్మీ చూపించింది. ఏం జరగబోతోందో చిన్న మాటల్లో చెప్పింది. ఆయన చాలాసేపు చూశాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. బయట పిడుగు.

"అకా, నేను. పలమనేరులో పొద్దుగూకినాక పడిన నీల్లు ఇంకా నీ కాడికి రాలా. దోవలో ఉండాయి. నువ్వు చూస్తా ఉండే ఏరు నిన్నటి ఏరు. లెయ్. మిషను వొదిలెయ్, పెట్టె వొదిలెయ్. ఈది చివర మిద్దె ఉండాది చూడు, బడి, ఆడికి పో. పోతా పోతా పక్కింటోళ్లని గూడా లేపు. గట్టు మీద ఉండే మనోల్లందురూ లెయ్యండి. పాప లెక్క చూసి చెప్తావుండాది, నేను అక్షరం చూసి చెప్తావుండా. రెండూ ఒకటే మాట అంటావుండాయి."

వదిలాడు. ఒక టిక్కు. రెండు టిక్కులు. గ్రూపులో ఒక్కొక్కరే విన్నారు. లత్తేరి విన్నది. కాట్పాడి విన్నది. గట్టు మీదున్న ఇంకో మేనత్త కొడుకు బొటనవేలు బొమ్మ పెట్టాడు. అత్త ఫోను స్విచాఫ్.

ఒంటిగంట నలభై.

ఆయన గొడుగు తీశాడు. అమ్మ చెయ్యి పట్టుకుంది. గుడియాత్తం రోడ్డు మీద నీళ్లున్నాయని అప్పటికే కబురొచ్చింది. పడుకునేవాళ్లెవరూ లేరు. కూర్చున్నారు. ల్యాప్‌టాప్ తెర మూసే ముందు ఆమె చివరిసారి చూసింది. బ్యాటరీ 6. ముల్లు ఎరుపులో. కదల్లేదు.

తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ నడుమ తీరం దాటింది. కే.వి.కుప్పంలో ఆ క్షణాన వాన హఠాత్తుగా సన్నబడింది. ఆ నిశ్శబ్దంలో కొత్త చప్పుడు వినపడింది. దూరంగా రైలు వస్తున్నట్టు. కాట్పాడి నుంచి గుడియాత్తం వెళ్లే పట్టాలు ఊరికి దగ్గరే. నాన్న చెవి ఒగ్గాడు.

"రైలు గాదు పాపా."

పాలారు.

వెలుతురు వచ్చాక గట్టు మీద జనం. ఎవరూ మాట్లాడడం లేదు. నిన్నటిదాకా ఇసుక కనిపించిన మేర ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రటి నీళ్లు, అరటిబోదెలు, విరిగిన చెట్లు, ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ నిలువుగా కూర్చున్నట్టే తేలుతూ పోతోంది. ఏటికి అడ్డంగా నేల మట్టానికి వేసిన తరైపాలం జాడ లేదు. ముసలివాళ్లు 1903 తీశారు. పైన చెరువులు తెగి పాలారు వాణియంబాడి మీద పడిన ఏడది, అదీ నవంబరే. ఆ కథ చెప్పినవాళ్లలో చూసినవాళ్లెవరూ లేరు. చూస్తున్నవాళ్లు మాత్రం ఇప్పుడు ఉన్నారు.

"నీల్ల రంగు చూడు," అన్నాడు నాన్న. "ఈ ఎర్రమన్ను మనది గాదు. పైనించి వచ్చింది."

అత్త ఫోను ఇంకా స్విచాఫ్.

కబుర్లు మాత్రం ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చాయి. కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెల్లవారుజామునే తెగింది. మందపల్లి, పులపత్తూరు మీదికి నీళ్లు విరుచుకుపడ్డాయి. ఇటు గుడియాత్తం పక్కనే పేర్ణాంబట్టులో నానిన ఇల్లు కూలి తొమ్మిదిమంది పోయారు. వాళ్లలో నలుగురు పిల్లలు. గుడియాత్తంలో కౌండిన్య గట్టెక్కిందని ఒకరు, గట్టు ఇళ్లు పోయాయని ఒకరు. ఏ ఇళ్లు? ఎవరికీ తెలీదు. తొమ్మిదింటికి ఎవరో ఫోనులో వార్తలు పెట్టారు. ప్రధాని మాట్లాడుతున్నారు. మూడు వ్యవసాయ చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటన. దేశమంతా ఆ వార్తే. గట్టు మీద రైతులు ఒక చెవితో విన్నారు. ఇంకో చెవి ఏటి మీద.

పదీ పది. తెలియని నెంబరు.

"ఎవురు?"

అవతల ఒకటే గోల. పిల్లల ఏడుపులు. గిన్నెల చప్పుడు. దాని వెనక ఎవరో తమిళంలో ఉప్మా వరసలో నిలబడమని అరుస్తున్నారు. ఆ గోల మీదుగా ఒక గొంతు.

"ఒరే, మిషను వొదిలేసి రమ్మంటివే. ఇప్పుడు మిషనెవురు కొనిస్తారు?"

నాన్న అక్కడే బురదలో కూర్చుండిపోయాడు.

అత్త ఫోను చార్జింగు లేక చచ్చిపోయింది. వాయిస్ విన్నది ఆమె కాదు, పక్కింటి పిల్లాడు. ఆ మేనత్త కొడుకు ద్వారా వాడి ఫోనుకు చేరింది. వాడిది తమిళ ఇల్లు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ మాటలో అత్త పేరు లేదు, తమ ఊరి పేరు లేదు. 'పలమనేరు' ఒక్కటి అర్థమైంది, మిగతాది గొంతులోని భయం. రెండింటికి తలుపు బాది వినిపించాడు. అత్త మొదట తిట్టింది. తర్వాత మెట్టు చూసింది. మెట్టు లేదు.

ఆ సాయంత్రం కార్తీక దీపం. వాకిట్లో బురద, గట్టు మీద గాలి. అమ్మ ప్రమిదలు పంచలోకి తెచ్చి ఆవు పక్కన గోడవారగా పెట్టింది. అత్త చేసిన ఒత్తులు ఏట్లో పోయాయి. ఇవి పాత చీర చింపి చేసినవి. ఒకటి ఆరింది. మళ్లీ వెలిగించింది. కరెంటు రాత్రి ఎనిమిదికి వచ్చింది. ల్యాప్‌టాప్ ప్రాణం పోసుకోగానే ఇంటర్న్‌షిప్ నుంచి సందేశం. సభ్యుల వేదిక తాలూకు తెరలో నిన్న రాత్రి నుంచి లక్ష్యం చేరిన చోటల్లా ఎర్రగా కనిపిస్తోందట, ఎవరు మార్చారట?

అసలూ కాపీ ఒకే ఫైలులో ఉన్నాయి. కాపీలో ఆమె మార్చిన రంగు అసలుకూ పాకింది.

సరిచేసింది. చీరలకు పచ్చ. ఏటికి ఎరుపు. ఈసారి రెండు వేర్వేరు ఫైళ్లు, రెండు వేర్వేరు పేర్లు. తర్వాత షీటు తెరిచి కొత్త గడి ఒకటి చేర్చింది: ఈ కబురు ఎవరి గొంతులో వెళ్లాలి? గుడియాత్తం పక్కన నాన్న పేరు రాసింది. పేర్ణాంబట్టు గడి ఖాళీగా ఉంది. అక్కడ తమవాళ్లెవరూ లేరు. చాలాసేపు ఆ ఖాళీ గడిలో గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

21, ఆదివారం. వాన వెలిసింది. అత్త వసారాలో కూర్చుని ఆవుకు గడ్డి వేస్తూ మిషను ధర లెక్కేస్తోంది. నాన్న తోటకు పోయాడు, మోటారు వెతకడానికి. ఆయన ఫోను మంచం మీదే ఉండిపోయింది. అది గుర్రుమంది.

తిరుపతి వైపు చుట్టం. పొడుగాటి సందేశం. మొత్తం తెలుగు లిపిలో.

ఆమె తోట వైపు చూసింది. దూరం. పిలిచినా వినపడదు. ట్రంకుపెట్టె తీసింది. పెద్దబాలశిక్ష అట్ట చెదలు పట్టి ఉంది, మొదటి పుటలు బాగానే ఉన్నాయి. ఫోను పక్కన పెట్టుకుంది. వేలు మొదటి అక్షరం మీద పెట్టింది.

"రా..."

అత్త గడ్డి వదిలేసి తలెత్తింది.

"రా... య... ల..."

"ఆపొద్దు, చదువు."

"చె... రు..." వేలు పుస్తకానికీ ఫోనుకూ మధ్య పరిగెత్తింది. "వు. రాయలచెరువు. అత్తా, రాయలచెరువు కట్ట... త... డి... కాదు, ఇది ఒత్తు... కట్ట... లీ... కు..."

"నాయిన్ని పిలవనా?"

"ఉండు అత్తా. ఇంకా రెండు వరసలే."